పానా మంచిదైతే నట్టు బతుకుతుంది

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం ఉదయం మా వ్యాగన్‌ఆర్ ముందు చక్రానికి బ్రేకు ప్యాడ్లు మార్చబోయి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బోల్టు ఒకదాన్ని పాడుచేశాను. ఆ రోజు నా చేతిలో ఉన్నది ఎగ్జిబిషన్‌లో 900 రూపాయలకు కొన్న 108 ముక్కల పెట్టెలోని సాకెట్టు, అంటే బోల్టు తల మీద టోపీలా ఎక్కే పానా. పెట్టె తెరిస్తే నగల దుకాణంలా మెరిసేది. మొదటి లాగుకు బోల్టు కదలలేదు. రెండో లాగుకు ఏదో తిరిగినట్టనిపించి సంతోషపడ్డాను కానీ, తిరిగింది బోల్టు కాదు, దాని తల మీద సాకెట్టు. తీసి చూస్తే బోల్టు ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. సాకెట్టు నోరు కూడా కొద్దిగా విచ్చుకుంది. తర్వాత పట్టకారుతో పట్టి చూశాను, ఒక సైజు చిన్న సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కించి చూశాను, చివరకు పాత ప్యాడ్లతోనే చక్రం బిగించి నెమ్మదిగా పాలకొల్లులో మెకానిక్కు షెడ్డుకు తీసుకుపోయాను. అరిగిన తల మీద ఆయన ఒక నట్టు పెట్టి వెల్డింగు చేసి పది నిమిషాల్లో బోల్టును బయటికి తీశారు. కానీ ఆ వేడికి లోపలి రబ్బరు తొడుగు కాలిపోయింది. పిన్నులూ రబ్బర్లూ కొత్తవి వేయవలసి వచ్చింది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందంటే ఇదే. డబ్బులిచ్చి వస్తుంటే ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "బోల్టు తప్పేం లేదండీ. మీ సాకెట్టు దానికి అతకలేదు. మీరు బలం పెట్టేకొద్దీ అది తిప్పలేదు, కొబ్బరి కోరినట్టు కోరేసింది."

ఆ తర్వాత ఒక్కొక్కటిగా మంచి పనిముట్లు కొనుక్కున్నాను. టపారియా కంపెనీ రింగు పానాల సెట్టు, అదే కంపెనీ అరంగుళం (కాడ తగిలించే చదరపు రంధ్రం కొలత ఇది) సాకెట్ల సెట్టు, ఒక టార్క్ రెంచి (అంకె పెట్టుకుంటే అంత బిగువు రాగానే టక్కుమనే రెంచి), మరికొన్ని విడి వస్తువులు ఇప్పటికి నాలుగేళ్లుగా వాడుతున్నాను. వాటి గురించే ఈ సమీక్ష. మొదటే నా అభిప్రాయం చెప్పేస్తాను. మంచి పనిముట్టు ఎక్కువకాలం మన్నుతుంది కాబట్టి కొనాలని అందరూ అంటారు. అది నిజమే కానీ అసలు సంగతి అది కాదు. మంచి పనిముట్టు కాపాడేది తనను తాను కాదు, ఎదుట ఉన్న నట్టును. పానా పోతే మరో పానా వస్తుంది. ఇంజను హెడ్డులో మర చెడితే, చక్రం స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) తెగితే, వాటి ఖర్చు ఏ పానా ధరకూ పోలిక లేనంత ఉంటుంది. అందుకే పనిముట్టును పరీక్షించేటప్పుడు పనిముట్టు వైపు చూడకుండా, పని అయ్యాక నట్టు మూలలు ఎలా ఉన్నాయో చూడాలి. నాలుగేళ్లుగా నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే.

మా ప్రాంతంలో ఈ విషయం మరింత పట్టించుకోవలసి ఉంది. నరసాపురం, అంతర్వేది వైపు నుంచి వచ్చే సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. భీమవరం, ఉండి, ఆకివీడు రోడ్ల మీద రొయ్యల లారీల నుంచి కారే నీరు రోడ్డంతా తడిగా ఉంచుతుంది, అందులోనూ ఉప్పే. దానికి తోడు ఏడాదిలో సగం రోజులు చెమ్మ. ఇనుము తుప్పు పట్టడానికి నీరూ గాలీ చాలు; ఉప్పు చేరితే ఆ నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించి తుప్పు చర్య వేగం పుంజుకుంటుంది. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల సందుల్లో ఉబ్బి నట్టునూ బోల్టునూ ఒకదానికొకటి అతికించేస్తుంది. రాయలసీమలో పదేళ్లు తిరిగిన బండి కింద ఉండే బోల్టూ, మా దగ్గర పదేళ్లు తిరిగిన బండి కింద ఉండే బోల్టూ ఒకటి కావు. పొడి ప్రాంతంలో చౌక సాకెట్టుతో కూడా ఎలాగో వచ్చే బోల్టు ఇక్కడ రాదు. మొరాయించే బోల్టు దగ్గరే పనిముట్టు గుణం బయటపడుతుంది.

అయితే మంచి పానాకూ చెడ్డ పానాకూ తేడా ఎక్కడుంది? బయటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. మొదటి తేడా లోహంలో ఉంది. పేరున్న పానాలను క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేస్తారు. ఉక్కులో కాస్త క్రోమియం కలిస్తే పాయనం పెట్టినప్పుడు, అంటే కాల్చి ముంచి గట్టిపరచినప్పుడు, గట్టిదనం లోపలి దాకా పడుతుంది. వెనేడియం కలిస్తే ఉక్కు రేణువులు సన్నబడి, గట్టిగా ఉంటూనే పెళుసుబారకుండా ఉంటుంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో వెనేడియం ఉక్కును విరివిగా వాడారు. ఆ ఉక్కు కార్లకూ కార్లు విప్పే పనిముట్లకూ అప్పటి నుంచీ చుట్టమే. రెండో తేడా పాయనంలో ఉంది. కమ్మరి కొలిమిలో కొడవలిని కాల్చి నీళ్లలో ముంచడం మా ఊళ్లో చిన్నప్పుడు అందరం చూసినవాళ్లమే. మరీ గట్టిగా పాయనం పడితే కొడవలి పుటుక్కున విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. పానాకూ అదే సూత్రం. నా పాత పెట్టెలోని పానాలు వంగే రకం. వంగే పానా నోరు విచ్చుకుంటుంది, విచ్చుకున్న నోరు మూలలను నమిలేస్తుంది.

మూడో తేడా, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, నోటి కొలతలో ఉంది. 13 మిల్లీమీటర్ల నట్టు మీద 13 పానా పెట్టినప్పుడు అది సులువుగా ఎక్కాలి కానీ గిలకలా ఆడకూడదు. సందు ఎక్కువైతే పానా నట్టు పక్కలను పట్టుకోకుండా మూలల మీదనే ఒరుగుతుంది; బలమంతా ఆ సన్నని మూలల మీద పడి అవి చిట్లిపోతాయి. మంచి సాకెట్ల లోపలి మూలలను కొద్దిగా వంపు తిప్పి చేస్తారు. అందువల్ల సాకెట్టు నట్టు మూలను ముట్టుకోకుండా, మూలకు కాస్త ఇవతల చదునైన భాగాన్ని పట్టుకుంటుంది. సాకెట్టును వెలుగుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూస్తే ఈ వంపు మామూలు కంటికే తెలుస్తుంది. 900 రూపాయల పెట్టెలో అది లేదు.

ఇక్కడ సాకెట్టు లోపలి ఆరు పలకల, పన్నెండు పలకల సంగతి కూడా చెప్పాలి. పన్నెండు పలకల సాకెట్టును 30 డిగ్రీలకొకసారి నట్టు మీద ఎక్కించవచ్చు కాబట్టి ఇరుకు చోట్ల అది సుఖం. కానీ అది పట్టుకునేది మూలలకు బాగా దగ్గరగా. ఆరు పలకలది 60 డిగ్రీలకొకసారే ఎక్కుతుంది, కానీ పక్కలను నిండుగా పట్టుకుంటుంది. తుప్పు పట్టిన నట్టుకు, ఒకసారి కాస్త అరిగిన నట్టుకు ఆరు పలకలదే వాడాలి. టపారియాలో రెండు రకాల సెట్లూ దొరుకుతాయి; కొనేటప్పుడు అడిగి ఆరు పలకలది తీసుకోవాలి. అడగకపోతే దుకాణదారు చేతికి ఏది తగిలితే అది ఇస్తారు, వారికి రెండూ ఒకటే.

కొనుగోలు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా డబ్బు సద్వినియోగం కావడానికి ఆ దుకాణమే సగం కారణం. భీమవరంలో రెండు మూడు చోట్ల అడిగితే పెట్టె విప్పి చూపించడానికి ఇష్టపడలేదు. రాజమండ్రిలో ఒక పాత హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. జేబులో మా బండివే నాలుగు పాత నట్లు, 10, 12, 14, 19 సైజులవి, వేసుకుని వెళ్లాను. కౌంటరు వెనుక ఉన్న పెద్దాయన ఆ నట్లు చూడగానే ఇంకేమీ అడగకుండా మూడు కంపెనీల పానాలు బల్ల మీద పరిచారు. "పెట్టి చూసుకోండి బాబూ. నట్టు పెట్టి చూసి కొన్నవాళ్లు మళ్లీ వెనక్కి తేలేదండి" అన్నారు. ఒక్కో నట్టునూ ఒక్కో పానా నోట్లో పెట్టి ఊపి చూశాను. పక్కనే కడియం నుంచి వచ్చిన ఒక నర్సరీ రైతు అంట్లు కట్టే కత్తి కొంటున్నారు. ఆయన ధర అడగలేదు, బొటనవేలి గోరు మీద కత్తి అంచు ఆనించి చూసి, డబ్బులిచ్చి వెళ్లిపోయారు. కత్తి సరిగా తెగకపోతే అంటు అతకదని, పోయేది కత్తి కాదు మొక్క అని ఆయనకు తెలుసు. పానా విషయంలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం అది.

టపారియా కంపెనీ చేతి పనిముట్ల తయారీ 1969లో ఒక స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో మొదలైంది. నాసిక్‌లో కర్మాగారం ఉంది. మా నాన్నగారి కాలంలో చేలో ఆయిల్ ఇంజను విప్పే పానాల్లో కొన్ని ఆ కంపెనీవే. వాటిలో ఒక 16-17 పానా ఇప్పటికీ మా కొట్టులో ఉంది. పైపూత పోయి నల్లబడింది కానీ 17 నట్టు మీద ఇప్పటికీ ఆడదు. కొత్త సెట్టు కొనడానికి నాకు ధైర్యమిచ్చింది ఆ పాత పానాయే. రింగు పానాలు ఎనిమిది, 6-7 నుంచి 20-22 దాకా, సుమారు 1,500 రూపాయలయ్యాయి. సాకెట్ల సెట్టుకు, రాచెట్టూ (సాకెట్టుకు తగిలించి ముందుకూ వెనక్కూ ఊపుతూ తిప్పే కాడ) పొడవు రాడ్లూ కలిపి, నాలుగు వేల చిల్లర. పేరున్న కంపెనీ పెట్టెను అక్షరం తేడాతో పోలిన పెట్టెలు కూడా బజారులో కనిపించాయి. పానా మీద సైజు అంకె, కంపెనీ పేరు లోతుగా ముద్రించి ఉన్నాయా, ముద్ర అంచులు శుభ్రంగా ఉన్నాయా అన్నది చూసుకోవడం మంచిది.

ముందుగా రింగు పానాల గురించి. వీటిని నేను అన్నిటికంటే ఎక్కువ వాడాను. బ్యాటరీ టెర్మినళ్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఆల్టర్నేటరు బెల్టు సర్దుబాటు, ఇంకా మా ఇంట్లో మోటారు పంపు ఫ్లాంజీ నట్లు, అన్నిటికీ ఇవే. మెడ దగ్గర వంపు ఉండటం వల్ల చేతి వేళ్లు ఇంజనుకు గీసుకోవు. కాడ అంచులు నున్నగా ఉంటాయి. గట్టిగా లాగినప్పుడు అరచేతిలో గాటు పడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చెయ్యి నొప్పెడితే మనం వాలుగా లాగుతాం, వాలుగా లాగితే పానా జారుతుంది. నాలుగేళ్లలో ఒక్క పానా కూడా విచ్చుకోలేదు. పైపూత కూడా ఎక్కడా పెచ్చులూడలేదు. పాత పెట్టెలోని పానాలకైతే మొదటి వర్షాకాలంలోనే పొట్టు లేచి వేలికి గుచ్చుకునేది.

రెండు వైపులా నోరు తెరిచి ఉండే పానాలు కూడా కొన్నాను కానీ అవి రెండో దశలో పనికొచ్చేవి మాత్రమే. అవి నట్టును రెండు పక్కలనే పట్టుకుంటాయి. బిర్రుగా ఉన్న నట్టును రింగుతో గానీ సాకెట్టుతో గానీ వదులు చేసి, ఆ తర్వాత త్వరగా తిప్పడానికే నోటి పానా. దాని నోరు కాడకు 15 డిగ్రీలు వాలుగా ఉంటుంది. ఇరుకులో ఒకసారి తిప్పి, పానాను బోర్లించి మళ్లీ పెడితే 30 డిగ్రీల చోటులోనే నట్టు మొత్తం విప్పేయవచ్చు. చాలామంది ఏళ్ల తరబడి పానా పడుతున్నా ఈ బోర్లింపు వాడటం నేను చూడలేదు. ఇక స్క్రూ రెంచి కారు దగ్గరికి తీసుకురావద్దు. కుళాయి పనికి అది మంచిదే, కారు నట్టుకు శత్రువు.

సాకెట్ల సెట్టులో నాకు బాగా నచ్చినవి 10, 12, 14, 17, 19. కొనేవారికి ఇది తెలిస్తే డబ్బు కలిసొస్తుంది. సుజుకీ, టయోటా వంటి జపాను పద్ధతి కార్లలో 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 తల, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 తల, 10 మిల్లీమీటర్ల బోల్టుకు 14 తల ఉంటుంది. ఐరోపా పద్ధతిలో అదే 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13 తల వస్తుంది. కాబట్టి మారుతి బండి ఉన్నవారు ముందు ఈ ఐదు సాకెట్లూ మంచివి విడిగా కొనుక్కుని, మిగతావి అవసరాన్ని బట్టి చేర్చుకోవచ్చు. 108 ముక్కల పెట్టెలో నాకు పనికొచ్చిన సైజులు ఈ ఐదే. మిగిలినవన్నీ పెట్టె నింపడానికి పెట్టినవి, వాటిలో కొన్ని అంగుళాల కొలతవి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. తలకు ఇది సరిపోయిందిలే అనుకుని 12 నట్టు మీద ఎక్కిస్తే ఆ 0.7 మిల్లీమీటరు నట్టు ప్రాణం తీస్తుంది.

స్పార్క్ ప్లగ్గుల సాకెట్టును సెట్టులో వెతకకుండా విడిగా తీసుకోవడం మేలు. మా బండిలోని మూడు సిలిండర్ల కె-సిరీస్ ఇంజనుకు 16 మిల్లీమీటర్లది కావాలి, లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉండాలి. ప్లగ్గు దిగేది అల్యూమినియం హెడ్డులోకి. ఉక్కు మర అల్యూమినియం మర మీద పక్కగా ఎక్కితే ఇక హెడ్డు విప్పి బాగు చేయించడమే. రాచెట్టు కాడ తగిలించకుండా, సాకెట్టుకు పొడవు రాడ్డు ఒకటే పెట్టి వేళ్లతో తిప్పుతూ దించాలి. మొదటి నాలుగు చుట్లు వేళ్లతో సులువుగా తిరిగితేనే మర సరిగా కలిసినట్టు. మంచి రాడ్డులో సాకెట్టు ఊగదు కాబట్టి మర కలిసిన స్పర్శ వేలి కొసకు తెలుస్తుంది. చౌక రాడ్డు చివర సాకెట్టు తూనీగలా ఆడుతుంటే ఏ స్పర్శా తెలియదు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెతను మనం ఎప్పుడూ ఆడేవారి మీదే ప్రయోగిస్తాం కానీ, ఈ విషయంలో నిజంగా మద్దెల ఓడైన సందర్భాలే నేను ఎక్కువ చూశాను.

రాచెట్టు గురించి ఒక హెచ్చరిక. దానిలో సన్నని పళ్లూ చిన్న నాలుకా ఉంటాయి. 24 పళ్లదైతే ఒక్కో టిక్కుకు 15 డిగ్రీలు కదలాలి, 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. పళ్లు ఎక్కువున్నది ఇరుకులో హాయి. కానీ ఏదైనా సరే, అది తిప్పడానికి చేసిన వస్తువు, పెకలించడానికి చేసింది కాదు. బిగుసుకున్న నట్టుకు పళ్లు లేని పొడవు కాడ, అంటే బ్రేకర్ బారు, వాడాలి. వేరే కంపెనీ రాచెట్టు ఒకదానికి మూడడుగుల గొట్టం తొడిగి లాగి నేనే దాని పళ్లు పోగొట్టాను. ఆ తప్పు పూర్తిగా నాది.

బ్రేకర్ బారు విలువ నాకు 2022లో తెలిసింది. ఆ ఏడాది జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి కోనసీమ లంకలన్నీ మునిగినప్పుడు, మా చిన్నత్తగారి ఇంటి ముందు ఉన్న కారు ఇరుసుల దాకా బురదనీటిలో రోజుల తరబడి ఉండిపోయింది. నీరు తీశాక చక్రాలు విప్పి బ్రేకులు శుభ్రం చేద్దామంటే ఒక్క నట్టూ కదలలేదు. బండితో వచ్చిన పొట్టి వీల్ స్పానరు మీద మా బావ ఎక్కి నిలబడ్డా లాభం లేకపోయింది. తుప్పు కరిగించే నూనె కొట్టి, ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు రెండడుగుల బ్రేకర్ బారుకు 19 ఆరు పలకల సాకెట్టు తగిలించి లాగితే పదహారు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఒక్క మూల కూడా అరగలేదు. బలం ఎక్కువ పెట్టి తీశామని అనుకోవద్దు. పొడవు కాడతో తక్కువ బలం, నిలకడగా పెట్టాం. బండి మాత్రం ఇటుకల మీద కాదు, స్టాండ్ల మీద ఉంది. మా నేల ఒండ్రు నేల, వానాకాలంలో జాకీ దిగబడిపోతుంది. అడుగున అడుగు వెడల్పు తాటి చెక్క ఒకటి ఎప్పుడూ వేయాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎన్నడూ దూరకూడదు.

ఇక టార్క్ రెంచి. ఇంట్లో కారు పని చేసుకునేవారు దీన్ని విలాసం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా పెట్టెలో ఒక్కటే వస్తువు ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. చక్రం నట్టును ఎంత బిగించాలో బండి పుస్తకంలో ఉంటుంది. మా బండికి 85 న్యూటన్ మీటర్లు. ఇతర బండ్లకు వేరుగా ఉంటుంది, ఎవరి పుస్తకం వారు చూసుకోవాలి. 85 అంటే ఎంత? పావు మీటరు పొడవున్న స్పానరు చివర సుమారు 35 కిలోల బరువు వేలాడదీసినంత. అరమీటరు కాడ చివరైతే 17 కిలోలు చాలు. అంటే సన్నగా ఉండే ఆడపిల్ల కూడా పొడవు కాడతో సరైన బిగువు ఇవ్వగలదు. అదే కాడ మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే కావలసినదానికి నాలుగు రెట్లు పడుతుంది. అప్పుడు స్టడ్డు సాగుతుంది. సాగిన స్టడ్డు వెంటనే తెగదు, ఎప్పుడో ఎక్కడో తెగుతుంది. పంక్చరు షాపుల్లో గాలి గన్నుతో టకటక కొట్టి బిగించే అలవాటు వల్ల కూడా ఇదే జరుగుతుంది, పైగా దారిలో టైరు మార్చుకోవలసి వస్తే బండితో వచ్చిన స్పానరుతో ఆ నట్లు ఊడవు.

ఈ మాట అనుభవంతో రాస్తున్నాను. కిందటి ఏడు మా అమ్మాయి రాజమండ్రి నుంచి ఒక్కతే వస్తూ సిద్ధాంతం వంతెన దాటాక మార్టేరు వైపు మలుపులో టైరు పంక్చరైంది. నాకు ఫోను చేసింది కానీ నేను బయలుదేరేలోపే మళ్లీ చేసి, "నాన్నా, రావద్దు, మార్చేశాను. నట్లు సులువుగానే వచ్చాయి" అంది. ముందు నెలలోనే నాలుగు చక్రాలూ మార్చి వేసి, టార్క్ రెంచితో 85కి బిగించి ఉన్నాను. 3,500 రూపాయలు పెట్టిన ఆ రెంచి ధర నాకు ఆ సాయంత్రమే తిరిగి వచ్చేసింది.

టార్క్ రెంచిని వాడటానికి కొన్ని నియమాలున్నాయి. టక్కుమన్న వెంటనే ఆపాలి; ఇంకోసారి టక్కుమనిపిస్తే ఇంకా బిగుస్తుంది. దాంతో నట్లు విప్పకూడదు. పని అయ్యాక అంకెను అట్టడుగుకు దించి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసి కొలత తప్పుతుంది. ఇలాంటి రెంచీలకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడా 100కు 4. పెట్టెలో కొలత ధ్రువపత్రం ఉన్నది తీసుకుంటే మంచిది. మర మీద నూనె, గ్రీజు పూసి అదే అంకెకు బిగిస్తే రాపిడి తగ్గి బోల్టు ఎక్కువ సాగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

స్క్రూ డ్రైవర్ల గురించి ఒక్క మాట. జపాను పద్ధతి బండ్లలోని ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ రకం కావు. గాడి ఆకారంలో స్వల్ప తేడా ఉంటుంది. మామూలు ప్లస్ డ్రైవరు వాటిలో అడుగుదాకా దిగక పైకి తన్నుకొచ్చి గాడిని చెడగొడుతుంది. జె.ఐ.ఎస్. (జపాను పారిశ్రామిక ప్రమాణం) డ్రైవరు ఒక్కటి కొనుక్కుంటే కారుకూ ద్విచక్ర వాహనానికీ సరిపోతుంది.

చౌకవి అన్నీ పనికిరావని నేను అనను. గరాటు, ఆయిలు పళ్లెం, అయస్కాంతపు కడ్డీ, ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసే పలుగు, ఇవి ఏ ధరలో కొన్నా ఒకటే. బలం పడే చోట, కొలత ముఖ్యమైన చోట, మన ప్రాణం ఆధారపడే చోట మాత్రం డబ్బు ఆలోచించకూడదు. అలాగే ఎంత మంచి పానా ఉన్నా ఇంట్లో చేయకూడని పనులున్నాయి. ఎయిర్‌బ్యాగు జోలికి, సస్పెన్షన్ స్ప్రింగుల జోలికి నేను పోను, పోవద్దనే చెబుతాను.

ఖర్చు లెక్క చూస్తే మొత్తం మీద 11 వేల రూపాయల దాకా అయింది. ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవడం వల్ల మూడో ఏడు గడిచేసరికి ఆ సొమ్ము వెనక్కి వచ్చింది. ఏడాదికి 5 వేల కిలోమీటర్లు కూడా తిరగని బండి ఉన్నవారికి ఇంత త్వరగా రాదు; వారు ఐదు సాకెట్లు, ఒక బ్రేకర్ బారు, ఒక టార్క్ రెంచితో సరిపెట్టుకోవచ్చు.

మా చెమ్మలో వీటిని దాచడం కూడా ఒక పనే. గోనెసంచిలో, తడి కొట్టులో పడేస్తే ఎంత మంచి పూతైనా నిలవదు. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, ఇంజన్ ఆయిలు తడిపిన గుడ్డ ఒకసారి రాసి, మూత బిగుతుగా ఉండే ఇనుప పెట్టెలో పెడతాను. ఉప్పునీరు తగిలిన రోజు ముందు మంచినీటితో కడిగి ఆరబెడతాను. తీసేసిన పాత ఆయిలును కాలువలో గానీ గట్టు మీద గానీ పోయవద్దని అందరినీ బతిమాలుకుంటాను. కాటన్ దొర ఆనకట్ట కట్టి పారించిన ఆ కాలువ నీళ్లే మా ఊరి మంచినీటి చెరువులోకి వస్తాయి. పాత ఆయిలును డబ్బాలో పట్టి సర్వీసు సెంటరులో ఇచ్చేస్తున్నాను. అక్కడి నుంచి అది శుద్ధి చేసేవారికి వెళుతుంది.

పోయిన నెల మళ్లీ ముందు ప్యాడ్లు మార్చాను. అదే చక్రం, అదే క్యాలిపర్. నాలుగేళ్ల కిందట కొత్తగా వేసిన బోల్టులకు ఈసారి తుప్పు బాగానే పట్టింది, ఆకివీడు రోడ్డు వాటినీ వదల్లేదు. తీగ బ్రష్షుతో తల శుభ్రం చేసి, ఆరు పలకల సాకెట్టును చివరిదాకా నొక్కి ఎక్కించి, నిలకడగా లాగాను. కిర్రుమని ఒక చప్పుడు, ఆ తర్వాత బోల్టు మెత్తగా తిరిగింది. చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూస్తే ఆరు మూలలూ పదునుగానే ఉన్నాయి. వాటినే తుడిచి మళ్లీ బిగించాను.